కృష్ణా డెల్టాలో రెండు కోపాలు: 1937, 1952 ఎన్నికలు మనకు చెప్పేదేమిటి?

"నాయకులంతా ఒక్కటే. ఎవరికి ఓటేస్తే మనకేం ఒరుగుతుంది?" ఈ మాట మన గూడేల్లో, కాలనీల్లో, కాలువ గట్ల మీద గుడిసెల్లో తరచు వింటుంటాం. ధరలు పెరిగినప్పుడు, పనులు దొరకనప్పుడు ఇంకా ఎక్కువగా వింటాం. పై తరగతుల పిల్లలు సాంఘికశాస్త్రం పాఠం మధ్యలో ఈ ప్రశ్నే వేస్తారు. "ఓటు మన హక్కు, మన బాధ్యత" అని పుస్తకంలో వాక్యం చదివి వినిపిస్తే వాళ్ళకు తృప్తి కలగదు. కలగకపోవడం న్యాయమే. ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెతకాలి.

మన రాష్ట్రంలో అలా వెతకడానికి అనువైన చోటు బెజవాడ చుట్టూ ఉన్న కృష్ణా డెల్టా. పదిహేనేళ్ళ తేడాతో అక్కడి జనం రెండుసార్లు బతుకు కష్టంతో విసిగి, గద్దె మీద ఉన్నవాళ్ళను ఓటుతో దించారు. మొదటిది 1937లో, రెండోది 1952లో. మొదటిసారి మనవాళ్ళలో చాలామందికి ఓటే లేదు. రెండోసారి అందరికీ ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఓటు ఏం చేయగలదో, ఏం చేయలేదో అర్థమవుతుంది.

ఆనకట్ట, వరి, అప్పు

బెజవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. కాలువలు సముద్రం దాకా సాగాయి. బీళ్ళు, చిత్తడి నేలలు వరిచేలుగా మారాయి. పంట పెరిగింది, మిల్లులు వచ్చాయి, రైలు వచ్చింది, వడ్డీ వ్యాపారం కూడా పెరిగింది. డెల్టా రైతు తిండికోసమే కాక అమ్మకానికి పండించడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి అతని బతుకు ఎక్కడో ఉన్న బజారు ధరకు ముడిపడింది.

ఈ మార్పులో మన జాతులకు దక్కింది వేరు. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ తీరం నుంచి లోపలి ఊళ్ళకు చేరవేసి అమ్ముకునేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు గుత్తాధికారం, రైలు మార్గాలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బుట్టలు అల్లడం, పందులు పెంచడం, సోది చెప్పడం మిగిలాయి. యానాదులు వాగులూ చెరువులూ నమ్ముకుని బతికినవాళ్ళు. డెల్టాలో వాళ్ళు చేనుకాపలాకు, ఎలుకలు పట్టడానికి, చేపల వేటకు, కూలికి చేరారు. వాళ్ళ కష్టంతో పంట పండింది, పట్టా మాత్రం వాళ్ళ పేరు మీద రాలేదు.

ధర పడింది, శిస్తు పడలేదు

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కుప్పకూలింది. దాని దెబ్బ రెండేళ్ళలో దివిసీమ కళ్ళంలో కనిపించింది. బర్మా బియ్యం చవకగా మద్రాసు రేవుకు దిగింది. 1930ల మొదటి సంవత్సరాల్లో ధాన్యం ధర సగానికి దగ్గరగా పడిపోయింది. కానీ శిస్తు నగదుగా కట్టాలి, అదీ పాత లెక్కనే. పైగా సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరుతో శిస్తు పెంచాలని సర్కారు పూనుకుంది. నిన్న పది బస్తాలు అమ్మి తీర్చిన శిస్తుకు ఇప్పుడు ఇరవై అమ్మాలి. అప్పు మీద వడ్డీ కూడా అంతే. ఆడవాళ్ళ మెడలో బంగారం తాకట్టుకు, తాకట్టు నుంచి అమ్మకానికి పోయింది. 1931 తర్వాత ఈ దేశం నుంచి అలా కదిలిన బంగారం ఓడలకెత్తి ఇంగ్లండుకు పోయింది.

బతుకు వెతుక్కుంటూ రంగూను వెళ్ళిన తెలుగు కూలీల పరిస్థితి ఇంకా ఘోరం. 1930 మే నెలలో రంగూను రేవులో పని కోసం గొడవ రేగి తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. ఆకలిగొన్న బర్మావాడికి, ఆకలిగొన్న తెలుగువాడికి మధ్య జరిగిన కొట్లాట అది. చాలామంది ఉత్త చేతులతో ఇంటిదారి పట్టారు.

మద్రాసులో అప్పుడు అధికారంలో ఉన్నది జస్టిస్ పార్టీ. 1932 నుంచి బొబ్బిలి రాజా ప్రధానమంత్రి. ఒక పెద్ద జమీందారు చేతిలో ప్రభుత్వం ఉండగా రైతు బాధ వినేదెవరు? రైతులు తమ మాట వినిపించడానికి సంఘాలు పెట్టుకున్నారు. ఎన్.జి. రంగా వంటివాళ్ళు ఊరూరా సభలు పెట్టారు. శిస్తు తగ్గించాలి, అప్పు మాఫీ చెయ్యాలి, జమీందారీలు పోవాలి అని తీర్మానాలు రాశారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతుల పిల్లలకు రాజకీయం నేర్పే పాఠశాల నడిచింది. ఈ విషయం గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

1937: ఓటు ఎవరి చేతిలో ఉంది?

1935 చట్టం కింద 1937 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. ఓటరు కావాలంటే పట్టా ఉండాలి, లేదా పన్ను కట్టిన రసీదు ఉండాలి, లేదా చదువు ఉండాలి. బ్రిటిషు పాలనలో ఉన్న రాష్ట్రాలన్నిటిలో కలిపి సుమారు 3 కోట్ల మందికే ఓటు వచ్చింది. అభ్యర్థులకు రంగురంగుల పెట్టెలు పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసుది పసుపు పెట్టె.

రైతు కోపం ఆ పసుపు పెట్టెలో పడింది. 215 స్థానాల శాసనసభలో కాంగ్రెసు 159 గెలిచింది. జస్టిస్ పార్టీ చితికిపోయింది. బొబ్బిలి రాజా తన సొంత గడ్డ మీదే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. కార్మిక నాయకుడి చేతిలో రాజు ఓడడం ఆ రోజుల్లో ఊహకు అందని సంగతి.

గెలిచిన ప్రభుత్వం ఊరుకోలేదు. రాజగోపాలాచారి ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించి ఉంటే అప్పు తీరిపోయినట్టే. జమీందారీ రైతుల బాధల మీద టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన కమిటీ వేశారు. పదేళ్ళ తర్వాత, 1948లో, జమీందారీల రద్దు చట్టం వచ్చింది. కాబట్టి ఓటు వల్ల ఏమీ రాదన్న మాట నిజం కాదు. వచ్చింది.

అయితే ఎవరికి? ఆ రుణ చట్టంలో "వ్యవసాయదారుడు" అంటే ఎవరో నిర్వచించారు. భూమి మీద అమ్ముకోదగిన హక్కు ఉన్నవాడే వ్యవసాయదారుడు. చేలో పొద్దస్తమానం వంగి నాట్లు వేసే కూలి, ఏడాది జీతానికి కుదిరిన పాలేరు, కోతల కాలంలో చేనుకాపలా కాసే యానాది ఆ మాటలోకి రారు. ఆసామి దగ్గర వాళ్ళు తీసుకున్న అప్పు, దానికోసం తరతరాలుగా చేస్తున్న చాకిరీ ఆ చట్టానికి కనిపించలేదు. వాళ్ళకు ఓటు లేదు కనుక వాళ్ళ కష్టం ఎన్నికల ప్రణాళికలోకి ఎక్కలేదు. ప్రణాళికలోకి ఎక్కనిది చట్టంలోకి రాలేదు. ఈ వరుసను పిల్లలకు బోర్డు మీద గీసి చూపించవచ్చు.

మన పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

ఓటర్ల జాబితాలో మన పేర్లు లేకపోయినా సర్కారు దగ్గర మన పేర్లు లేకపోలేదు. వేరే పుస్తకంలో ఉన్నాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలన్నట్టు నమోదు చేశారు. యానాదుల్లో కొందరినీ అందులో చేర్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, కృష్ణకు ఆవలి ఒడ్డున సీతానగరం వంటి చోట్ల సెటిల్‌మెంట్లు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. స్టువర్టుపురానికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో హోం శాఖ చూసిన హెరాల్డ్ స్టువర్టు పేరు మీద వచ్చింది. ఆ ఊరివాళ్ళ శ్రమ చీరాల పొగాకు కంపెనీకి వెళ్ళింది.

వేలిముద్రలు, హాజరు పిలుపులు, ఊరు దాటాలంటే చీటీ. ఎరుకలవాళ్ళ ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ 2001లో అచ్చయిన తన పరిశోధన గ్రంథంలో వివరంగా రాశారు. మన టీచర్లు తప్పక తెలుసుకోవలసిన పుస్తకం అది.

1937లో డెల్టా రైతు "ఈ ప్రభుత్వం నన్ను పట్టించుకోవడం లేదు" అని కోప్పడ్డాడు. అదే సమయంలో సెటిల్‌మెంటులో ఉన్న ఎరుకల మనిషి బాధ వేరు: ఆ ప్రభుత్వం అతన్ని రాత్రీ పగలూ పట్టించుకుంటూనే ఉంది, పోలీసు రూపంలో. కొండల్లో ఉన్న మన సోదరుల సంగతి మరొకటి. తూర్పు గోదావరి, విశాఖ ఏజెన్సీలను 1935 చట్టం కింద పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలుగా ప్రకటించి గవర్నరు చేతిలో పెట్టారు. 215 మంది సభ్యుల శాసనసభలో వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు కలిపి కేటాయించినది ఒకే ఒక్క స్థానం.

నెల్లూరు ప్రాంతంలో యానాదుల కోసం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య వంటివాళ్ళు ఈ చట్టం పోవాలని ఏళ్ళ తరబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో అది రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టులో పోయింది. దాని స్థానంలో 1948లోనే అలవాటు పడిన నేరస్థుల చట్టం ఒకటి వచ్చి కూర్చుందనీ మరచిపోకూడదు.

స్వరాజ్యంలో బియ్యం కరువు

1942లో జపాను సైన్యం రంగూనును పట్టుకోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. పదేళ్ళ క్రితం ఏ బియ్యం వచ్చిపడి ధర పోయిందో, అదే బియ్యం రాక ఇప్పుడు కరువు. రేషను కార్డులు వచ్చాయి. ఆ తర్వాత వరుసగా వానలు మోసం చేశాయి. 1951 జనవరిలో దేశమంతటా రేషను మనిషికి రోజుకు 12 ఔన్సుల నుంచి 9 ఔన్సులకు తగ్గించారు. 9 ఔన్సులంటే పావుకిలో పైన కొంచెం. కండలు కరిగేలా కష్టం చేసే మనిషికి అది ఒక పూటకు కూడా చాలదు. ఆ ఏడాదే మన దేశం అమెరికా నుంచి 19 కోట్ల డాలర్ల అప్పు తీసుకుని ధాన్యం తెచ్చుకుంది.

డెల్టా మిగులు జిల్లా. కాబట్టి అక్కడ రైతు దగ్గర సర్కారు నిర్ణయించిన ధరకు ధాన్యం సేకరించేవాళ్ళు. అనుమతి లేకుండా జిల్లా దాటించడానికి వీల్లేదు. పలుకుబడి ఉన్నవాడి బస్తాలు రాత్రికి రాత్రి నల్లబజారుకు పోయేవి. లేనివాడి గాదె ఖాళీ అయ్యేది. కూలికి రెండు వైపులా దెబ్బే. ధాన్యం పండే ఊళ్ళో ఉండి కూడా గింజల కోసం తిరగవలసి వచ్చింది.

నాయకుల మీద గౌరవం ఎంత త్వరగా పోయిందో ఒక ఉత్తరం చెబుతుంది. గుంటూరుకు చెందిన దేశభక్త కొండ వెంకటప్పయ్య, జీవితమంతా కాంగ్రెసుకు ఇచ్చిన వృద్ధుడు, శాసనసభ్యులు పదవులతో డబ్బు సంపాదించుకుంటున్నారనీ, బ్రిటిషువాళ్ళే నయమని జనం అనుకునే దాకా వచ్చిందనీ గాంధీకి రాశారు. 1948 జనవరి 12న తన చివరి ఉపవాసాన్ని ప్రకటించిన రోజు గాంధీ ఆ ఉత్తరం గురించి బాధతో ప్రస్తావించారు. స్వతంత్రం వచ్చి అప్పటికి 5 నెలలు కూడా నిండలేదు.

దానికి నిర్బంధం తోడయింది. కమ్యూనిస్టుల కోసం గాలిస్తూ 1949లో కృష్ణా జిల్లా ఎలమర్రు, కాటూరు గ్రామాల్లో పోలీసులు ఊరివాళ్ళను బట్టలు విప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. ఈ అవమానాన్ని జిల్లా మరచిపోలేదు. పోలీసు చేతి అవమానం మనవాళ్ళకు పాతదే. పట్టా ఉన్న రైతు కుటుంబాలకు అది అప్పుడు తెలిసొచ్చింది.

పైనున్న పార్టీ కూడా చీలిపోయింది. ప్రకాశం కాంగ్రెసు విడిచి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టారు.

1952 జనవరి: అందరికీ ఒక్కో ఓటు

స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికలు. 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. దేశంలో 17 కోట్ల మందికి పైగా ఓటర్లు. పట్టా అడగలేదు, రసీదు అడగలేదు, చదువు అడగలేదు. చదువు రానివాళ్ళ కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కాడెద్దులు కాంగ్రెసుకు, కంకి కొడవలి కమ్యూనిస్టులకు, గుడిసె ప్రజా పార్టీకి. అయిదేళ్ళ క్రితం హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసిన చేయి ఇప్పుడు తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసింది. మన జాతుల చరిత్రలో ఇంతకంటె పెద్ద రోజులు ఎన్నో లేవు.

ఫలితం దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడిపోయారు. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, కల్లూరి చంద్రమౌళి వంటి తెలుగు మంత్రులు ఓడిపోయారు. 375 స్థానాల్లో కాంగ్రెసుకు వచ్చినవి 152. కమ్యూనిస్టులకు 62, వాటిలో ఎక్కువ భాగం తెలుగు జిల్లాల నుంచే. విజయవాడ పార్లమెంటు స్థానంలో కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్రుడిగా నిలబడిన కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ గెలిచారు. ఆయన తెలుగువాడు కాదు, ఆ ఊరివాడు కాదు. అయినా జనం గెలిపించారంటే కాంగ్రెసు మీద ఎంత కోపం ఉందో ఊహించవచ్చు.

ఈ ఫలితానికి కారణాలు వెతికినవాళ్ళలో అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ ఒకరు. డెల్టాలో కమ్యూనిస్టు నాయకత్వం భూమి ఉన్న కమ్మ కుటుంబాల నుంచి వచ్చిందనీ, ఆ కులబలం గెలుపుకు సాయపడిందనీ 1956లో రాశారు. అందులో నిజం ఉంది. కానీ అంతటితో ఆగితే కూలీ కనిపించడు. భూమి పంచుతామన్న మాట, కూలి పెంచాలన్న సంఘం, పోలీసు మీద భయం పోవడం లేకుండా నాయకుల కులం ఒక్కటే అన్ని పెట్టెలు నింపలేదు. చరిత్రలో మనం కనిపించకపోవడానికి ఒక కారణం, రాసేవాళ్ళు నాయకుల ఇంటిపేర్లు లెక్కపెట్టి ఓటర్ల సంగతి వదిలెయ్యడం.

గెలిచాక, ఓడాక

తర్వాత జరిగినది కూడా చెప్పాలి. ప్రకాశం నాయకత్వంలో ప్రతిపక్షాలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తామన్నాయి. గవర్నరు వాళ్ళను పిలవలేదు. ఎన్నికల్లో నిలబడని రాజగోపాలాచారిని శాసనమండలికి నామినేట్ చేసి 1952 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రిని చేశారు. ఓటరు "వద్దు" అన్నాడు. గవర్నరు దారి వెతికి "ఉండండి" అన్నాడు. అయినా ఓటు వృథా కాలేదు. జూన్‌లో రాజాజీ ఆహార ధాన్యాల కంట్రోళ్ళు ఎత్తేశారు. జనం కోపం చూశాక అలాగే కొనసాగించే ధైర్యం ఏ ప్రభుత్వానికీ ఉండేది కాదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1955లో మళ్ళీ ఎన్నికలు. చీలిన కాంగ్రెసు వర్గాలన్నీ ఒకటయ్యాయి. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. 1952లో ఓడిన బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. కోపం వచ్చినప్పుడు దించిన మనిషే మూడేళ్ళకు ఇంకా పెద్ద కుర్చీలో కూర్చున్నారు.

మనం తీసుకోవలసిన పాఠం

మొదటి సంగతి. కోపం ప్రభుత్వాన్ని దించగలదు. తర్వాత ఎవరికి ఏం వస్తుందన్నది, ఎన్నికకు ముందే ఎవరు తమ కోరికను కాగితం మీద స్పష్టంగా రాసి పెట్టుకున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. 1937 రైతులకు ఓటుతో పాటు సంఘం ఉంది, తీర్మానం ఉంది, పాఠశాల ఉంది. అందుకే గెలిచిన సంవత్సరం తిరిగేసరికి వడ్డీ రద్దయింది. 1952లో మనకు ఓటు వచ్చింది, కానీ మన కోరికల పత్రం లేదు. వేరేవాళ్ళ పత్రంలో కూలీలుగా మాత్రమే కనిపించాం. వెట్టిచాకిరీ రద్దు చట్టం కోసం 1976 దాకా ఆగవలసి వచ్చింది.

రెండో సంగతి. డెల్టాలో మనం చెదిరి ఉన్నాం. ఇవాళ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాల్లో షెడ్యూల్డు తెగలకు 7 కేటాయించారు. అన్నీ కొండ ప్రాంతాల్లోనే. కృష్ణా డెల్టాలో ఒక్కటీ లేదు. కాబట్టి విజయవాడలోనో, అవనిగడ్డలోనో, రేపల్లెలోనో ఉన్న యానాది, ఎరుకల కుటుంబాలు "మన ఎమ్మెల్యే వస్తాడు" అని ఎదురుచూసి లాభం లేదు. అభ్యర్థి ఎవరైనా, మన ఇంటి స్థలం, మన బడి, మన చేపల చెరువు హక్కు అతని చేత ఒప్పించుకోవడమే దారి. చెదిరినవాళ్ళు మండలానికి ఒక జాబితా రాసుకుని ఒక్క మాటగా అడిగితే, కొద్ది ఓట్ల తేడాతో తేలే నియోజకవర్గంలో ఆ మాటకు బరువు వస్తుంది.

మూడో సంగతి టీచర్లకు. 1989 నుంచి ఓటు వయసు 18. 2013 నుంచి ఎవరూ నచ్చలేదని చెప్పడానికి నోటా మీట కూడా ఉంది. అయితే నోటా నొక్కాలన్నా ముందు జాబితాలో పేరుండాలి. స్థిరమైన చిరునామా లేదని, కాగితాలు లేవని మన పిల్లల పేర్లు ఎక్కకుండా పోవడం చూస్తూనే ఉన్నాం. ఇంటర్మీడియట్ చదువుతున్న ప్రతి పిల్లా పిల్లవాడి చేత ఫారం 6 నింపించడం మన పని. పదో తరగతి వాళ్ళ చేత తాతముత్తాతల పేర్లు, వాళ్ళున్న ఊళ్ళు, సెటిల్‌మెంటు జ్ఞాపకాలు రాయిస్తే సాంఘికశాస్త్రం ప్రాజెక్టు అదే అవుతుంది. ఆ రాతలు మన చరిత్రకు మొదటి దస్తావేజులు అవుతాయి.

మన పెద్దల పేర్లు ఒకప్పుడు సర్కారు తన అవసరం కోసం, మనల్ని కాపలా కాయడానికి రాసుకుంది. 1952లో ఆ పేర్లు ఓటర్ల జాబితాకు మారాయి. ఆ మార్పు కోసం ఎంతోమంది బాధపడ్డారు, పోరాడారు. నాయకుల మీద విసుగు కలిగినప్పుడు కలగనీయండి, దాన్ని దాచుకోనక్కర్లేదు. ఆ విసుగుతో జాబితాలోంచి మనంతట మనమే తప్పుకుంటే మాత్రం, 1938 చట్టంలో కూలీకి జరిగినదే మళ్ళీ జరుగుతుంది. చట్టం రాసేవాళ్ళకు మనం కనిపించం.